ఒప్పుకోలు – ఆనవాలు

ఆదివారమునాడు హైదరాబాదులోని ఆబిడ్సు వీధికి పోయినచో కాలిబాటలపై పాత పుస్తకముల రాసులు కనబడును. వానిలో అట్టలు చిరిగిన అపరాధ పరిశోధక నవలలును ఉండును. అట్టివి పిల్లల చేతులలో చూచి పెద్దలు నొసలు చిట్లింతురు. దొంగల కథలు చదివినవారికి దొంగబుద్ధులే అబ్బునని వారి భయము. నేరకథను, పరిశోధన కథను ఒకటిగా నెంచుటచేతనే ఈ భయము కలిగినదని నా తలంపు.

ఈ భేదము తెలియుటకు దూరము పోనక్కరలేదు. నైజాము కొలువులో పనిచేసిన మెడోస్ టెయిలర్ అను ఆంగ్లేయుడు 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను నవలను ప్రకటించెను. బాటసారులతో చెలిమి నటించి, రుమాలుతో గొంతు బిగించి చంపిన విధమెల్ల అమీర్ అలీ యను థగ్గు తన నోటనే చెప్పును. ఇంగ్లండులో జనులు దానిని ఆత్రముతో చదివిరి. అది నేరకథయే, పరిశోధన కథ కాదు. నేరస్థుడే నోరు విప్పినపుడు చదువరి కనుగొనవలసిన దేమున్నది?

రెండేండ్లకు, 1841లో, అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో మరియొక త్రోవ త్రొక్కెను. అతని కథలో పారిస్ నగరమున, లోపల గడియ వేసిన గదిలో ఘోరహత్య జరుగును. పోలీసులు ఒక గుమాస్తాను నిర్బంధింతురు. డ్యుపాఁ అను పరిశోధకుడు మాత్రము కిటికీ మేకును, సాక్షుల మాటలలోని పొంతనలేమిని పరికించి, ఆ గుమాస్తా నిర్దోషి యని తేల్చును. హంతకుడెవరో నేను చెప్పను. చెప్పినచో మీరు నన్ను క్షమింపరు. 1887లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ ఈ త్రోవవాడే.

నా బాల్యమున ఒక ఇంట గడియారము పోయినది. పనిపిల్లవానిని కొట్టిరి. దెబ్బలకు తాళలేక, తానే తీసితినని వాడు ఒప్పుకొనెను. మూడవనాడు గడియారము యజమాని కోటుజేబులోనే దొరకెను. ఆ యింట ఆనవాలు వెదకినవా రొక్కరును లేరు. మన చట్టము అంతకంటె వివేకము గలది. పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలును నిందితునిపై రుజువుగా 1872 నాటి సాక్ష్య చట్టము సాధారణముగా అంగీకరింపలేదు. 2024లో అమలులోనికి వచ్చిన కొత్త చట్టమందును ఆ నియమము నిలిచియున్నది.

తెలుగులోనికి వంగభాషనుండి పాంచకడి దే నవలలు వచ్చెను. పిమ్మట కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధరును సృష్టించెను. ఇట్టి నవలలన్నియు మేలైనవని నేననను. కొన్నింట పరిశోధకుడు ఆలోచించుట మాని తుపాకి పేల్చుచుండును. అట్టివి నాకు రుచింపవు. ఆబిడ్సులో కొనువారు, చివరి పుట ఉన్నదో లేదో ముందుగా చూచుకొనవలెను.