మన క్లెయిమ్ లెక్క మనకెందుకు చూపరు?

పంట పోయిన రైతు బీమా డబ్బు కోసం తిరిగే దారి మనలో చాలామందికి తెలిసిందే. బ్యాంకుకు వెళితే ప్రీమియం కోసి పంపేశాం, ఇక కంపెనీని అడగమంటారు. వ్యవసాయ శాఖ ఆఫీసుకు వెళితే దిగుబడి లెక్కలు పైకి పంపేశామంటారు. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే మీ ఊరికి క్లెయిమ్ రాలేదని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తారు. ఎందుకు రాలేదో చెప్పే నాథుడు లేడు. గట్టు అవతల పక్క ఊరి పొలానికి వచ్చింది, మనకు రాలేదు. అంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మన ఆధార్, ఖాతా నంబరు, సర్వే నంబరు, వేసిన పంట, కట్టిన ప్రీమియం, ఏ ఏడాది ఎంత పరిహారం వచ్చిందీ అన్నీ వాళ్ల దగ్గరున్నాయి. 2016 ఖరీఫ్‌లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన మొదలైంది. ఈ వివరాలన్నీ జాతీయ పంటల బీమా పోర్టల్‌కు చేరుతున్నాయి. బ్యాంకు చూడగలదు, కంపెనీ చూడగలదు, ప్రభుత్వం చూడగలదు. రైతుకు మాత్రం తన దరఖాస్తు ఏ దశలో ఉందో, డబ్బు పడిందో లేదో తెలుస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందన్న లెక్క ఊరిదాకా రాదు.

లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. గడిచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల దిగుబడి సగటు తీస్తారు. దానిలో 70, 80 లేదా 90 శాతాన్ని హామీ దిగుబడి అంటారు. ఈ ఏడాది మన ఊరి దిగుబడి అంతకన్నా తగ్గితే, తగ్గిన మేరకు పరిహారం. ఉదాహరణకు వరి సగటు ఎకరాకు 20 క్వింటాళ్లు, హామీ 80 శాతం అనుకుందాం. హామీ దిగుబడి 16 క్వింటాళ్లవుతుంది. ఈసారి 12 క్వింటాళ్లే వస్తే నాలుగో వంతు నష్టం. ఎకరాకు బీమా 40,000 రూపాయలైతే చేతికి 10,000 రావాలి. అదే కాగితం మీద 14 అని పడితే 5,000. 16 అని పడితే సున్నా. నాలుగు క్వింటాళ్ల తేడాతో మొత్తం పోతుంది.

ఆ అంకె ఎక్కడినుంచి వస్తుంది? ప్రధాన పంటకు ఊరికి నాలుగు చోట్ల చేసే పంట కోత ప్రయోగాల నుంచి. ఏ పొలాల్లో కోశారు, ఎప్పుడు కోశారు, ఎన్ని కిలోలు తూగాయి, ఆ సమయంలో ఎవరెవరు ఉన్నారు? ఊళ్లో ఎంతమందికి తెలుసు? వాతావరణ బీమా ఉన్న పంటలకు దిగుబడి బదులు వాన కొలత లెక్క. అక్కడా ఏ కేంద్రం కొలత తీసుకున్నారో రైతుకు చెప్పేవాళ్లు లేరు. మన పొలంలో చినుకు లేకపోయినా, ఆ కొలమానం ఉన్న ఊళ్లో కురిస్తే మనకు కురిసినట్టే!

ఇది కంపెనీ సొంత సొమ్ము వ్యవహారమైతే వేరే మాట. ఈ పథకంలో ఆహార పంటలకు, నూనెగింజలకు రైతు కట్టేది ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం. వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతా ప్రీమియం కేంద్ర, రాష్ట్ర ఖజానాల నుంచే పోతుంది. అంతకు ముందరి బీమా పథకాల మీద 2017లో కాగ్ ఇచ్చిన నివేదిక, లబ్ధి పొందిన రైతుల సమాచారాన్ని ప్రభుత్వాలు గానీ బీమా సంస్థ గానీ సరిగా ఉంచుకోలేదని తప్పుపట్టింది. ప్రజల డబ్బు వేల కోట్లు పోసి, అది ఎవరికి చేరిందో రాసిపెట్టుకోకపోవడాన్ని ఏమనాలి?

అమెరికాలో ఇంటికి, కారుకు చేసిన క్లెయిముల చరిత్రను ఏడేళ్ల దాకా ఒక ప్రైవేటు సంస్థ భద్రపరుస్తుంది. బీమా కంపెనీలు దాన్ని చూసే ప్రీమియం నిర్ణయిస్తాయి. అదేమంత ముచ్చటైన వ్యవహారం కాదు. కానీ అక్కడి చట్టం ప్రకారం ఆ మనిషి ఏడాదికోసారి తన రికార్డును ఉచితంగా తెప్పించుకోవచ్చు, తప్పుంటే సవాలు చేయవచ్చు. మనం అడుగుతున్నదీ అంతే.

అయితే అన్నీ గోడకెక్కించాలని మేము అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కేంద్రాల దగ్గర బీమా జాబితాలు అతికించినప్పుడు, పేరు లేనివాళ్లు అభ్యంతరం చెప్పుకునే వీలు దొరికింది. అది మంచి పద్ధతి. పేరు, పంట, విస్తీర్ణం, మొత్తం అందరికీ కనబడాలి. ఆధార్, ఖాతా నంబరు, బాకీ ఎంతన్నది మాత్రం బయటికి రాకూడదు. క్లెయిమ్ పడిన రోజే బ్యాంకు గుమ్మం దగ్గర షావుకారు నిలబడటం మనం చూడని సంగతా? రేపు రైతు గుర్తింపు సంఖ్యతో అన్నీ ముడిపడ్డాక, ఈ రైతుకు నాలుగేళ్లుగా పంట పోతూనే ఉందని చూసి ఫైనాన్స్ కంపెనీ వడ్డీ పెంచితే ఎవరిని అడగాలి? మన అనుమతి లేకుండా క్లెయిముల చరిత్ర మరొకరి చేతికి పోకూడదు.

కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. పెట్టుబడి అతనిది, నష్టం అతనిది. బీమా భూ యజమాని పేరున ఉంటే రికార్డు, డబ్బు రెండూ యజమానివే. పదేళ్లు సాగు చేసినా అతనికి పంట పోయిన చరిత్రే లేదు. సాగుదారు పేరు ఆ రికార్డులో ఎక్కనంతవరకు ఈ లెక్కలన్నీ సగం అబద్ధమే.

ఒక కొత్త సాకు కూడా మొదలవుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారమంటూ తిప్పి పంపడం దీనితో తేలికైంది. కానీ ఊరి దిగుబడి ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు. నాలుగు కోతల తూకాల్లో ఎవరి పరువూ లేదు. పైగా సబ్సిడీ పథకాల వివరాలను అడగకుండానే ప్రకటించాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ ప్రైవేటుదైనా పంట కోతల లెక్కలు ప్రభుత్వ శాఖల దగ్గరే ఉంటాయి.

అందుకే మండల కమిటీలు ఈ నెలలోనే జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయానికి దరఖాస్తులు పెట్టాలని కోరుతున్నాం. ఊరి పేరు, పంట, సీజన్ స్పష్టంగా రాయండి. ఏడేళ్ల దిగుబడి, హామీ దిగుబడి, ఈసారి కోతల తూకాలు, కోసిన తేదీలు విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేయండి. వచ్చిన కాగితం నకలు పంచాయతీ ఆఫీసు గోడకు అతికించి, ఇంకొకటి సంఘం ఆఫీసుకు పంపండి. ప్రీమియం రసీదులు పారేయకండి.