ముందు అనుమతి, పిమ్మట వ్యాపారము

2024 జూలై 27వ తేదీన ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్రనగరమున వాననీరు ఒక శిక్షణాలయపు నేలమాళిగలోనికి చొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. వాహనములకును సామానులకును మాత్రమే అనుమతి పొందిన ఆ మాళిగ పఠనమందిరముగా మాఱియుండెను. ఇట్టి విషాదము మనకును క్రొత్తది గాదు. 2023 నవంబరు 13న హైదరాబాదు బజారుఘాటులో, క్రింద రసాయనముల పీపాలు నిలువయుంచిన కాపురపు మేడ అంటుకొని తొమ్మిదిమంది అసువులు బాసిరి. పౌరునికి వ్యాపారస్వేచ్ఛ కలదు. కాని క్రింది కొట్టు మాఱినప్పుడు పై అంతస్తున నిద్రించు పసివాని ప్రాణమునకు పూచీపడువా రెవరు?

“నా కొట్టు, నా యిష్టము” అను మాటను న్యాయస్థానముల వసారాలలో తఱచుగా వినుచున్నాము. ఈ వాదము నిలువదు. ఏ వీథి నివాసమునకు, ఏది వర్తకమునకు అని మాస్టర్ ప్లానులో మండలములు విభజించుట ఊరకయే కాదు. నమూనాను మంజూరు చేయునప్పుడు మెట్ల వెడల్పును, ద్వారములను, నీటి వసతిని ఒక నిర్ణీత వినియోగమునకు సరిపోవునట్లు చూతురు. బట్టలకొట్టు ఫలహారశాలయైనచో గ్యాసుబండలు వచ్చును. పొయ్యి పొగ పొరుగింటి కిటికీలో దూరును. మెట్లు మాత్రము వెనుకటివే!

ముందు మార్చుట, పట్టుబడిన పిమ్మట రుసుము చెల్లించి క్రమబద్ధము చేసికొనుట మనకు అలవాటైనది. ఈ అలవాటు ఢిల్లీ కేమి తెచ్చెనో చూడుడు. 2006 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా నివాసప్రాంతములలోని దుకాణములకు సీళ్లు పడెను, వర్తకులు వీథికెక్కిరి, ఆ వేసవిలోనే పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి ఆ చర్యలకు అడ్డుపడెను. వర్తకుడును నష్టపోయెను, చట్టమునకును చులకన వచ్చెను.

వర్తకుని మొఱయు నిజమే. కాగితము చేతబట్టి కార్యాలయముల చుట్టు తిరిగి విసిగినవాడు తుదకు అనుమతి లేకయే తలుపు తెఱచును. 2020 నాటి తెలంగాణ భవనానుమతుల చట్టము 21 దినముల గడువు విధించినది. ఆ త్వర వినియోగపు మార్పు యెడలను కానరావలెను. నిరాకరించినచో కారణము వ్రాతమూలమున నీయవలెను. అయితే గడువు దాటినంతనే అనుమతి లభించినట్లు భావించుట ఇచ్చట కూడదు. అధికారి మౌనము పొరుగువాని సమ్మతి కాజాలదు. స్థలమును స్వయముగా చూచి, ఆ భవనవాసులకు నోటీసిచ్చి, వారి ఆక్షేపణలు విన్నపిమ్మటనే సంతకము చేయవలెను.

వింత యేమన, ఒక శాఖ వ్యాపారపు లైసెన్సు రుసుము తీసికొనును. నమూనా వేఱొక శాఖ బీరువాలో నిదురించును. వినియోగానుమతి పత్రము చూపనిదే లైసెన్సుగాని, వర్తక విద్యుత్ కనెక్షనుగాని ఈయరాదని ప్రభుత్వమువారు వెంటనే ఉత్తరువు చేయవలెను.