లెక్క తీస్తేనే తెలిసేది వివక్ష
వైద్య సంస్థల గణాంకాలు: బ్రిటన్ నేర్పుతున్న పాఠం

గుంటూరు: కోస్తా జిల్లాల నుంచి బ్రిటన్ వెళ్లి స్థిరపడిన వైద్యులు ఎందరో. అక్కడి ఆసుపత్రులలో పనిచేసే మన వైద్యులు పరీక్షల్లోనూ, ఉద్యోగాల్లోనూ చిన్నచూపు ఎదురవుతోందని ఏళ్ల తరబడి వాపోయేవారు. ఆ వాదనకు బలం చేకూర్చినవి నినాదాలు కావు, అంకెలు. వైద్యులను జాతి, లింగం, చదివిన దేశం వారీగా లెక్కించి బహిరంగపరచడమే అందుకు మూలం.

పరీక్షల్లో బయటపడ్డ అంతరం

బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్ కావాలంటే రాయల్ కాలేజీ పరీక్ష నెగ్గవలసిందే. దాని ఫలితాలపై 2013లో వెలువడిన ఆచార్య అనీజ్ ఇస్మాయిల్ అధ్యయనం సంచలనం సృష్టించింది. రాతపరీక్ష ప్రతిభను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా అంతరం చెరగలేదు. రోగిని పరీక్షించే నైపుణ్యాన్ని చూసే విభాగంలో, శ్వేతజాతి బ్రిటన్ పట్టభద్రులతో పోలిస్తే అక్కడే చదివిన ఇతర జాతుల అభ్యర్థులు తొలి ప్రయత్నంలో తప్పే ఆస్కారం సుమారు మూడున్నర రెట్లు, విదేశాల్లో చదివినవారికి 14 రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది.

భారత సంతతి వైద్యుల సంఘం 'బాపియో' న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పరీక్ష చట్టవిరుద్ధం కాదంటూ 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వ్యాజ్యాన్ని కొట్టివేసింది. అయితే నైతిక విజయం సంఘానిదేనని న్యాయమూర్తి వ్యాఖ్యానించడం గమనార్హం.

ఫిర్యాదుల్లోనూ అదే తీరు

వైద్యుల నమోదు, క్రమశిక్షణ చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ కోరగా 2019లో మరో నివేదిక వచ్చింది. యాజమాన్యాలు చేసే ఫిర్యాదులు శ్వేతేతర వైద్యులపై రెట్టింపునకు మించి, విదేశాల్లో చదివినవారిపై రెండున్నర రెట్లు ఉన్నట్లు లెక్క. కొత్తగా వచ్చినవారికి అక్కడి పద్ధతులు సరిగా వివరించకపోవడం, పొరపాటును సకాలంలో ముఖాముఖి చెప్పకపోవడం, ఒంటరి విధులు కారణాలుగా నివేదిక పేర్కొంది. యాజమాన్య ఫిర్యాదుల్లో అంతరాన్ని 2026 నాటికి, వైద్యవిద్యలో అంతరాన్ని 2031 నాటికి తొలగించాలని కౌన్సిల్ 2021లో లక్ష్యం పెట్టుకుంది.

లెక్కే పరిష్కారమా?

కాదు. ఆసుపత్రులన్నీ ఏటా తొమ్మిది సూచికలపై జాతివారీ వివరాలు వెల్లడించాలన్న నిబంధన 2015లోనే వచ్చినా వివక్ష మాయం కాలేదు. వివరాలు చెబితే తమకే ముప్పని సిబ్బంది వెనుకాడే ప్రమాదమూ ఉంది. గోప్యతకు భరోసా లేనిదే నిజాయతీ గల లెక్క రాదు. అయినా లెక్క లేనిచోట బాధితుని మాట 'అపోహ'గానే మిగిలిపోతుంది. లెక్క ఉన్నచోట సంజాయిషీ సంస్థ ఇవ్వవలసి వస్తుంది.

మన సంగతేమిటి?

మన రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ ప్రవేశాల వేళ ఏ విద్యార్థి ఏ కేటగిరీలో సీటు పొందిందీ జాబితాల్లో కనిపిస్తుంది. గడప దాటేవరకు ఉన్న ఆ శ్రద్ధ గడప దాటాక ఉండవద్దా? ఆచార్యులుగా ఎదిగిన మహిళలెందరు, వైద్య సంఘాల పదవుల్లో దళిత, గిరిజన వైద్యులెందరు, క్రమశిక్షణ చర్యలు ఎవరిపై ఎక్కువ? వైద్య మండళ్లు, సంఘాలు ఏటా ఈ వివరాలను పేర్లు లేకుండా ప్రకటించడానికి పెద్ద వ్యయం కాదు. పరాయి గడ్డపై మన బిడ్డలకు న్యాయం కోరే మనం, ఇంటి లెక్క చూసుకోవడానికి సంకోచించడం సబబు కాదు.