బ్యాటరీ చచ్చిన కెమెరా ఎవరిని కాస్తుంది?

నల్లమల అన్నలారా, అక్కలారా!

మా చెంచు పెంట దిగువన చెలమ దగ్గర చెట్టుకు కట్టిన ట్రాప్ కెమెరాను మొన్న విప్పి చూశాం. లోపల చీమలు గూడు పెట్టాయి. బ్యాటరీలు కారి చిలుము పట్టింది. చిప్పులో చివరి ఫోటో నలభై రోజుల కిందటిది. అక్కడికి ఇరవై అడుగుల్లోనే తీగ ఉచ్చు, దానికి కణితి వెంట్రుకలు. ఉచ్చు ఎవరు పన్నారో చెప్పాల్సిన కన్ను గుడ్డిదై వేలాడుతోంది.

కెమెరాలు వద్దనడం లేదు. పాదముద్రలు చూసి కాగితం మీద పులుల్ని బతికించిన కాలంలోనే రాజస్థాన్‌లో సరిస్కా అడవి ఖాళీ అయింది. 2005 దాకా దేశానికి తెలియలేదు. 2018 పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు కట్టాం, 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు తీశాం. వాటిలో పులివి 76,651. గిన్నిస్ రికార్డు కొట్టాం. మరి గణన అయ్యాక?

పులికి కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు. అందుకే దారికి రెండువైపులా జంటగా కడతారు. జంటలో ఒకటి చస్తే దొరికేది సగం పులే. ఎండకు వేడెక్కిన గడ్డిపరక ఊగినా కెమెరా క్లిక్‌మంటుంది. చిప్పు గడ్డి ఫోటోలతో నిండుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది. ముందున్న గడ్డి కోయడం కొడవలితో రెండు నిమిషాల పని!

ఆ పని చేసేది చెంచు వాచరు. అతనికి నెలల తరబడి జీతం లేదు. వేలు పోసి కెమెరా కొన్న చేతికి దాన్ని కాసే మనిషి కూలి దగ్గరే వణుకెందుకు? ఆకలితో ఉన్నవాడిని కొండెక్కి కెమెరా తుడవమనడానికి సిగ్గుండాలి.

దొంగలెత్తుకుపోతారట. గొలుసూ తాళం వేయండి. చెంచులకు చిప్పు మార్చడం రాదట. పులి ఏ దారిన వస్తుందో చూపించి, మోకాలెత్తున కెమెరా కట్టింది ఎవరయ్యా?

మా డిమాండ్లు:

ప్రతి కెమెరాకూ దగ్గరి పెంట మనిషే కాపరి. పదిహేను రోజులకోసారి గడ్డి కోత, అద్దం తుడవడం, చిప్పు, బ్యాటరీల మార్పు, తేదీ సరిచూడటం. వానలకు ముందు ప్రతి పెట్టెకూ రబ్బరు అంచు తనిఖీ. తేనెకూ గడ్డలకూ వెళ్లే మనవాళ్ల ఫోటోలు పడితే వెంటనే చెరిపివేత. నెల మొదటి వారంలో జీతం.

వచ్చే సోమవారం అటవీ ఆఫీసు ముందుకు కదలండి. మీ బీట్లలో చచ్చిన బ్యాటరీలన్నీ మూటగట్టి తెండి. సారు బల్ల మీద కుమ్మరిద్దాం, లెక్కపెట్టుకోమందాం.