ఆ ఎర్రదీపం ఆరేదాకా...

విమానం దిగింది. పరుగు తగ్గించుకుని మెల్లగా గేటు దగ్గరికొస్తోంది. లోపల అప్పుడే సెల్‌ఫోన్లు మోగడం మొదలైంది. 'వచ్చేశాం, కారు తీసుకురా' అని ఒకరు, 'పైనున్న ఆ నల్ల బ్యాగు అందుకోండి' అని ఇంకొకరు. సీటుబెల్టు గుర్తు వెలుగుతూనే ఉంటుంది, సగంమంది మాత్రం లేచి నిలబడి ఉంటారు. కూర్చోండి కూర్చోండి అని ఎయిర్‌హోస్టెస్ బతిమాలుతూనే ఉంటుంది. ప్రయాణం అయిపోయిందని అందరి ధీమా మరి!

కిటికీలోంచి చూస్తే బయట వేరే దృశ్యం. మెరిసే నారింజరంగు కోట్లు, చెవులకు మూతలు పెట్టుకుని అయిదారుగురు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు, ఇంకొకరి చేతిలో ప్లాస్టిక్ కోన్లు. సామాను ట్రాలీలు తగిలించిన ట్రాక్టరు మీద మరొకరు. రైలు ఆగీ ఆగకముందే పెట్టెలోకి దూకే కూలీల్లా వీళ్లు ఎగబడరు. నేలమీద గీసిన గీతకు అవతలే ఉంటారు. విమానం ఆగాక కూడా కదలరు. దేనికోసం చూస్తున్నట్టు?

విమానం వీపు మీదా పొట్ట కిందా మిణుకుమిణుకుమంటూ ఎర్రదీపాలుంటాయి. బీకన్ అంటారు. అది వెలుగుతోందంటే ఇంజిను తిరుగుతోందనో, తిరగబోతోందనో అర్థం. అది ఆరితే తప్ప ఇంజిన్ల వైపు అడుగు వేయకూడదు. ఆరినా సరే, స్విచ్చి కట్టేశాక ఇంట్లో ఫ్యాను కాసేపు తిరిగినట్టే ఇంజినూ తిరుగుతుంది. పూర్తిగా నెమ్మదించడానికి అరనిమిషం నుంచి నిమిషం పడుతుంది.

నూటెనభై మంది పట్టే మామూలు విమానం కదలకుండా నిలబడి ఉన్నా, దాని ఇంజిను ముందు పది పదిహేను అడుగుల మేర ఉన్నదాన్నల్లా లోపలికి లాగేసే ప్రమాదం ఉంది. వెనకవైపేమో దాదాపు వంద అడుగుల దాకా గాలి దెబ్బ. చుట్టూ నాలుగైదు విమానాల హోరు, పైగా చెవులకు మూతలు. ఏది ఆగిందో ఏది తిరుగుతోందో చెవితో కనిపెట్టడం కష్టం. కంటితోనైనా అంతే, వేగంగా తిరిగే ఫ్యాను రెక్కలు కనిపించవు. ఇంజిను నడిమధ్యన తెల్లటి జంతికచుట్టు లాంటి గీత చాలామంది చూసే ఉంటారు. అది అలంకారం కాదు. అది గిర్రున తిరుగుతుంటే దగ్గరికి రావద్దని హెచ్చరిక!

ఇన్ని ఏర్పాట్లున్నా ప్రాణాలు పోతున్నాయి. 2022 డిసెంబరు 31న డాలస్ నుంచి ఓ ఎంబ్రేయర్ విమానం అమెరికాలోని మాంట్‌గోమరీ చేరింది. గేటు దగ్గర కరెంటు అందించే తోక భాగంలోని చిన్న ఇంజిను ఆరోజు పనిచేయడం లేదు. బయటినుంచి కరెంటు తగిలించేదాకా పెద్ద ఇంజిన్లు ఆపకూడదనుకున్నారు. ఆ సంగతి కింద పనిచేసేవాళ్లకి ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పారు. విమానం వచ్చాక ఓ ఉద్యోగిని కోను పట్టుకుని వెనకవైపు వెళ్లింది. ఇంజిను గాలికి పడబోయింది. తోటి ఉద్యోగి కేకలు వేశారు, వద్దని చేతులూపారు. ఆ తర్వాత ఆమె రెక్క ముందునుంచి నడిచింది. ఇంజిను లాగేసింది. కార్మిక భద్రతా విభాగం ఆమె పనిచేసిన సంస్థకు వేసిన జరిమానా 15,625 డాలర్లు. అలాంటి ఒక్క ఉల్లంఘనకు అప్పటికి చట్టం అనుమతించిన గరిష్ఠ మొత్తం అదే. అంతటితో సరి.

మనకూ అలాంటి రాత్రి ఒకటుంది. 2015 డిసెంబరు 16న ముంబయిలో ఎయిరిండియా విమానం హైదరాబాద్‌కి బయల్దేరుతోంది. గేటు నుంచి వెనక్కి తోసే పని అయిపోయింది. కింద ఉన్నవాళ్లు ఇంకా పక్కకు తప్పుకోకముందే విమానం కదిలింది. ఒక టెక్నీషియన్ ఇంజినుకు బలైపోయాడు. అక్కడ వచ్చే విమానం, ఇక్కడ పోయే విమానం... తేడా అంతే. ఎవరెక్కడున్నారో పైవాళ్లకీ కిందవాళ్లకీ ఒకే లెక్క ఉండాల్సిన క్షణంలో అది లేకపోయింది.

ఇందులో తొందర పాత్ర చిన్నదేం కాదు. 1972లో అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ తన నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకోవాల్సి వచ్చింది. మిగిలిన మూడింటితోనే పాత టైంటేబుల్ నడపాలనుకుని, గేటు దగ్గరికొచ్చిన విమానాన్ని పది నిమిషాల్లో తిప్పి పంపడం మొదలుపెట్టింది. నేలమీద నిలబడ్డ విమానానికి రూపాయి రాదన్న పాఠం చౌకటికెట్ల సంస్థలన్నీ ఒంటబట్టించుకున్నాయి. అరగంటలో దిగేవాళ్లు దిగాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, సామాను, ఇంధనం, నీళ్లు, భోజనాలు, టాయిలెట్ ట్యాంకరు... అన్నీ ఒక్క విమానం చుట్టూ తిరగాలి. మే నెల ఎండలో కాలిపోయే కాంక్రీటు మీద ఈ పరుగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడేటప్పుడు వీళ్లెవరూ గుర్తురారు.

దెబ్బ తినేది మనుషులే కాదు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ 2003లో వేసిన అంచనా ప్రకారం, విమానాలు నిలిపేచోట ప్రపంచవ్యాప్తంగా ఏటా 27 వేల ప్రమాదాలు జరుగుతున్నాయి. అంటే వెయ్యి విమానాలు బయల్దేరితే ఒకటి. ట్రాక్టరో నిచ్చెన బండో వచ్చి విమానాన్ని రాసుకోవడమూ వీటిలో ఉంది. ఆటో వచ్చి కారుకు గీత పెట్టినంత తేలిగ్గా తీసుకునే సంగతి కాదది. విమానం అల్యూమినియం చర్మం మందం చాలాచోట్ల ఒకటి రెండు మిల్లీమీటర్లే మరి!

2005 డిసెంబరు 26న సియాటెల్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానానికి సామాను చేరవేసే కార్మికుడి బండి తగిలింది. అతను ఎవరికీ చెప్పలేదు. విమానం 26 వేల అడుగుల ఎత్తుకు వెళ్లాక ఆ దెబ్బ తగిలిన చోట అడుగు పొడవు, అరడుగు వెడల్పున చిల్లు పడింది. లోపల గాలి ఒత్తిడి పడిపోయింది, ఆక్సిజన్ మాస్కులు వేలాడాయి. పైలెట్లు గబగబా కిందికి దించి వెనక్కి తెచ్చారు. నూటనలభై మంది ప్రయాణికులూ క్షేమంగా బయటపడ్డారు. ఇదంతా అయ్యాకే తన బండి తగిలిన సంగతి అతను ఒప్పుకున్నాడు.

అతను ముందే నోరు విప్పి ఉంటే ఆ విమానం కదిలేదే కాదు. కానీ చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఎవరు చెబుతారు? అందుకే తమంతట తాము తప్పు చెప్పినవాళ్లను శిక్షించకూడదన్న పద్ధతి కొన్ని సంస్థలు పెట్టుకున్నాయి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ-350 లాంటి విమానాలొచ్చాక ఈ పద్ధతి అవసరం మరింత పెరిగింది. వాటి ఒంట్లో ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్. అల్యూమినియమైతే సొట్టపడి తన దెబ్బ తానే చూపిస్తుంది. దీనికి మాత్రం లోపలి పొరలు విడిపోయినా పైన గీత కూడా కనిపించకపోవచ్చు. బండి తగిలిందని తెలిసేది ఒక్కోసారి ఆ స్టీరింగు పట్టుకున్న మనిషికొక్కడికే.