తొలి నలభై రోజులు

వరిమడిలో ఊద అనే కలుపు గడ్డి అచ్చం వరిలాగే ఉంటుంది. అదే పచ్చదనం, అదే ఎదుగు. ఆకు కాండాన్ని అంటుకునే చోట విప్పి చూస్తే వరికి పల్చని తెల్లపొర ఒకటి నాలుకలా నిలబడి ఉంటుంది, ఊదకు ఉండదు. మునుం పట్టి కలుపు తీస్తూ సాగే ఆడవాళ్లకు అంత పరిశీలన అక్కర్లేదు, చేతికి తగలగానే తెలిసిపోతుంది. తరతరాలుగా ఆ చేతులు తేడాగా కనిపించినదాన్నల్లా పీకేస్తుంటే వరిని పోలినవే బతికి గింజ రాల్చాయని, ఊదకు ఈ రూపు అలాగే వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ పనిని నైపుణ్యం లేని కూలి అని రాసుకోవడం అన్యాయం.

ఊద మన కంట పడేది వరిని మించి కంకి వేశాకే. నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. తొలి 30, 40 రోజులే కీలకం. పిలకలు వేసే వేళ వెలుతురూ నత్రజనీ ఊద లాగేసుకుంటే పిలకలు తగ్గుతాయి, వెన్నులూ తగ్గుతాయి. ఆ తర్వాత ఎంత యూరియా చల్లినా లోటు పూడదు.

నాట్లలో నారు ఇంచుమించు 25 రోజులు ముందుంటుంది, నిలవ నీరు కలుపు గింజల్ని చాలావరకు మొలవనివ్వదు. నారు పోయకుండా నేరుగా మడిలోనే విత్తే వెదలో ఈ రెండు రక్షణలూ ఉండవు. కూలీలు దొరకని చోట, నీరు తక్కువైన చోట రైతు వెదకు మళ్లడం సబబే. కానీ కలుపు వదిలేస్తే సగానికి పైగా పంట పోవచ్చు. మందు ఉందిగా అనుకోవడానికీ లేదు. పంజాబ్, హర్యానా గోధుమ చేలల్లో గుల్లీ డండా అనే గడ్డి 1990ల తొలినాళ్లకే ఐసోప్రొట్యురాన్ అనే కలుపు మందుకు లొంగడం మానేసింది. ఏటా అదే మందు కొడితే ఇక్కడైనా అంతే.

అందుకే వెద విత్తే డ్రమ్ సీడర్‌కు రాయితీ ఇచ్చే ప్రభుత్వాలు సాళ్ల మధ్య తిప్పే కోనోవీడర్‌కూ, తొలి కలుపుతీత కూలికీ సాయం చేయాలి. విత్తడానికి సాయపడి ఆ నలభై రోజులూ రైతును ఒంటరిగా వదిలేస్తే ఎలా?

ఇక ఇప్పటికే ఊద కంకులు కనిపిస్తున్న మళ్లలో, ఈ ఏడు ఫలితం లేదని ఊరుకోవద్దు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. రాలకముందే కోసి మడి బయట పడేయండి.