ఎలుకల ఊళ్లో కోతల పండుగ



పాత్రధారణ ఆటలంటే కత్తి దూసి రాక్షసుణ్ణి చంపడమే అనుకునేవారికి ఈ శరదృతు సంచిక కాస్త వింతగా తోచవచ్చు. ఇక్కడ వీరులు చిట్టెలుకలు. చలి ముదిరేలోగా గింజలు ఇల్లు చేరాలన్నదే వాటి బెంగ.

డేవిడ్ పీటర్సన్ కామిక్స్ ఆధారంగా ల్యూక్ క్రేన్ 2008లో తెచ్చిన ‘మౌస్ గార్డ్’లో ఋతువు మారితే ఆపదా మారుతుంది. ఆ కామిక్స్‌లో తొలి కథ మొదలయ్యేదే ధాన్యం అమ్ముకునే ఎలుక దారిలో మాయమవడంతో. తీరా చూస్తే పాము మింగేసింది! (పాములంటే జంకేవాళ్లు ముందే జాగ్రత్తపడండి.)

జే డ్రాగన్ రాసిన ‘వాండర్‌హోమ్’ది వేరే దారి. పాచికల్లేవు, పోరాటం లేదు. తుమ్మెదల మందను కాచే కాపరి అందులో ఒక పాత్ర. కాసేపు ఆగి లోకం అందానికి మురిసిపోతే చేతికో టోకెన్ వస్తుంది. ఎదుటివారి బాధను ఉపశమింపజేయాలంటే దాన్ని ఖర్చు పెట్టాలి. ఇంత చక్కని లెక్క మరే ఆటలోనూ మాకు కనబడలేదు.

గెలుపోటముల గోల పెరిగిన ఈ రోజుల్లో, గాదె నిండితే పండుగ చేసుకునే ఆటల గురించి మాట్లాడాలనిపించింది. వ్యాసాలన్నిటా వినిపించేది ఒకటే ప్రశ్న: పండిందాంట్లో ఎవరికెంత? మీరూ ఆడి చూసి, మీ ఊరి పండుగ ఎలా జరిగిందో మాకు రాయండి.